తేదీ మారిస్తే పాఠకులు వస్తారా? శ్రీకాకుళం, విజయనగరం పాత వ్యాసాలకు కావాల్సిన అసలు మరమ్మతు

క్లుప్తంగా: పాత పోస్టును సరిదిద్ది మళ్లీ ముందుకు తెస్తే చదివేవాళ్లు పెరుగుతారన్నది నిజమే. అయితే పెంచేది పైన వేసిన తేదీ కాదు, లోపల మారిన సమాచారం. 2022లో జిల్లాల సరిహద్దులు మారాక, శ్రీకాకుళం, విజయనగరాల గురించి అంతకుముందు రాసిన పేజీల్లో ఎన్నో తప్పులు చేరాయి. వాటిలో ఏవి దిద్దాలి, ఏవి ముట్టుకోకూడదు, గూగుల్ ఈ మార్పుల్ని ఎలా చూస్తుంది, తెలుగు పేజీలకే ఉన్న చిక్కులేమిటి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

సలహాలో సగమే మిగిలింది

పాత పోస్టులు బయటికి తీసి, పైన ఈ ఏడాది తేదీ వేసి, శీర్షికలో సంవత్సరం మార్చేస్తే ట్రాఫిక్ (చదివేవాళ్ల రాక) దానంతట అదే పెరుగుతుందన్న సలహా తెలుగులో వెబ్‌సైట్లు, బ్లాగులు నడిపేవాళ్లకు తరచూ ఎదురవుతుంటుంది. 2018లో గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకూ ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టాక, తెలుగులో రాసి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చన్న ఆశ కలిగింది. రోజూ కొత్తది రాయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఉన్నదాన్నే మళ్లీ వాడుకునే దారి ఎవరికైనా నచ్చుతుంది.

ఈ సలహా గాల్లోంచి పుట్టలేదు. హబ్‌స్పాట్ అనే అమెరికా మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2015లో తన సొంత బ్లాగు లెక్కలు బయటపెట్టింది. నెలలో వచ్చే వీక్షణల్లో 76 శాతం ఆ నెల రాసిన పోస్టులవి కావని, అంతకుముందు రాసినవాటివేనని తేలింది. పాతవాటిలో కొన్నింటిని ఎంచుకుని దిద్దాక, సెర్చ్ ద్వారా వాటికి వచ్చే నెలవారీ వీక్షణలు సగటున 106 శాతం పెరిగాయని ఆ కంపెనీ చెప్పింది. అంటే రెట్టింపు పైమాటే. ఆ తర్వాత ఈ పద్ధతి అన్ని దేశాలకూ పాకింది.

పాకే దారిలో అసలు ముక్క రాలిపోయింది. హబ్‌స్పాట్ తేదీ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. పాతబడిన సమాచారం తీసేసి, కొత్తది చేర్చి, జనం ఏ మాటతో వెతుకుతున్నారో చూసి దానికి తగ్గట్టు దిద్ది, ఆ తర్వాతే తేదీ మార్చి మళ్లీ ప్రచురించింది. మన దగ్గరికి వచ్చేసరికి చివరి పని మాత్రం మిగిలి, ముందున్నవన్నీ పోయాయి. పైగా అది వేల పోస్టులున్న ఇంగ్లిష్ బ్లాగు. ఆమదాలవలస నుంచో చీపురుపల్లి నుంచో ఒక్కరు నడిపే సైటుకు అదే 106 శాతం వస్తుందనుకోవడానికి ఆధారం లేదు. పనిచేసే సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ సూత్రం ఇది. కొత్త పేజీకి మొదటి రోజున ఏ గుర్తింపూ ఉండదు. ఏళ్ల తరబడి ఉన్న పేజీకి నలుగురు ఇచ్చిన లింకులుంటాయి, వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నవాళ్లుంటారు, గూగుల్ దగ్గర దాని చరిత్ర ఉంటుంది. ఆ పేజీ సెర్చ్ ఫలితాల్లో పన్నెండో స్థానంలోనో పదిహేనో స్థానంలోనో ఉండిపోయిందంటే, చాలాసార్లు దానికి కావాల్సింది కొంచెం మరమ్మతే. సున్నా నుంచి కొత్త పేజీని అక్కడిదాకా తేవడం కంటే, అక్కడ ఉన్నదాన్ని పైకి జరపడం తేలిక.

జిల్లా మారింది, పేజీ మారలేదు

ఉత్తరాంధ్రకు ఈ పని మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, కురుపాం, సాలూరు ప్రాంతాలు, శ్రీకాకుళం నుంచి పాలకొండ ప్రాంతం విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. రాజాం వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి. శ్రీకాకుళంలో 38 మండలాలుండేవి, 30 మిగిలాయి. విజయనగరంలో 34 ఉండేవి, 27 అయ్యాయి.

‘శ్రీకాకుళం జిల్లాలో చూడదగ్గ ప్రదేశాలు’ అని అంతకుముందు రాసిన ఏ పేజీ తీసుకున్నా అందులో అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం, బారువ ఉంటాయి. వాటికేమీ ఇబ్బంది లేదు. వాటి పక్కనే సీతంపేట మెట్టుగూడ జలపాతం కూడా ఉంటుంది. అది ఇప్పుడు మన్యం జిల్లాలో ఉంది. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే సంగాం వంగర మండలంలోది కాబట్టి విజయనగరం జిల్లాకు వెళ్లింది. తోటపల్లి బ్యారేజీ వ్యవహారం ఇంకా చిక్కు. బ్యారేజీ ఉన్న గరుగుబిల్లి మండలం మన్యంలో చేరింది, కాలువల కింద తడిసే పొలాలు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఉన్నాయి. ‘విజయనగరం జిల్లాలోని తోటపల్లి’ అన్న ఒక్క మాట దిద్దితే చాలదు, ఆ పేరా అంతా మళ్లీ రాయాలి.

పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ల మీద దీని ప్రభావం నేరుగా పడుతుంది. మండలాల సంఖ్య, జిల్లా సరిహద్దులు, నదుల సంగమాలు అడిగే ప్రశ్నలకు వాళ్లు ఫోన్‌లో వెతుక్కుంటారు. పైన ‘తాజా సమాచారం’ అని రాసి, లోపల 38 మండలాలు అని ఉంటే ఆ అభ్యర్థికి ఒక మార్కు పోతుంది. పాత తేదీ అలాగే ఉండుంటే కనీసం అనుమానమైనా వచ్చేది.

పేర్లు కూడా మారాయి. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండిన విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీ 2022 జనవరి నుంచి జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం అనే ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. ఎన్నో ఏళ్లు భావనపాడు పోర్టుగా వార్తల్లో నలిగిన ప్రాజెక్టుకు 2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలం మూలపేటలో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు జనం మూలపేట పోర్టు అనే వెతుకుతారు. భావనపాడు పేరుతోనే ఉన్న పేజీలో సమాచారం ఎంత బాగున్నా వాళ్ల కంట పడటం కష్టం. అలాగని భావనపాడు మాట తీసేయకూడదు. పాత పేరు తెలిసినవాళ్లూ వెతుకుతారు, రెండు పేర్లకూ ఉన్న సంబంధం చెప్పడమే ఆ పేజీకి కొత్తగా చేరే విలువ.

వీటికంటే మొండిది ‘త్వరలో’ అనే మాట. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి శంకుస్థాపన నాటి పేజీలో ‘త్వరలో పనులు మొదలవుతాయి’ అని ఉంటే, ఆ మాటకు కాలదోషం పట్టిందని పాఠకుడికి తెలిసే దారి లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి రాసిన పాత వ్యాసాల్లో, దగ్గర్లో పెద్దాసుపత్రి లేక రోగులు విశాఖ వెళ్లాల్సి వస్తోందన్న వాక్యం కనిపిస్తుంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ కుటుంబాలు వెతుక్కునే పేజీలో ఈ ముక్క లేకపోవడం చిన్న లోపం కాదు. ట్రాఫిక్ సంగతి పక్కన పెట్టి ముందుగా దిద్దాల్సిన పేజీలు ఇలాంటివే.

గూగుల్ దేన్ని తాజా అంటుంది

2010 జూన్‌లో గూగుల్ ‘కెఫీన్’ అనే కొత్త ఇండెక్సింగ్ పద్ధతి తెచ్చింది. అంతకుముందు పేజీల జాబితాను విడతలు విడతలుగా తిరగరాసేవారు, ప్రధాన భాగం మారడానికి రెండు వారాలు పట్టేది. కెఫీన్‌తో అది ఆగకుండా సాగే పని అయింది. ఆ పునాది మీద 2011 నవంబరులో తాజాదనానికి ప్రాధాన్యమిచ్చే మార్పు వచ్చింది. దాదాపు 35 శాతం సెర్చ్‌ల మీద దాని ప్రభావం ఉంటుందని గూగుల్ అప్పట్లో ప్రకటించింది. అంటే మిగతా 65 శాతానికి తాజాదనంతో పెద్దగా పని లేదన్నమాట. తేదీ మార్చమనే సలహాలో ఈ సగం ఎప్పుడూ వినిపించదు.

తాజాదనం అవసరమైన వెతుకులాటల్ని గూగుల్ అప్పుడు మూడు రకాలుగా విడదీసింది. అప్పటికప్పుడు జరుగుతున్న సంఘటనలు మొదటి రకం. బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు ‘శ్రీకాకుళం తుపాను’ అని వెతికేవాళ్లకు నిన్నటి పేజీ కూడా పాతదే. క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ వచ్చేవి రెండోవి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి, తేలినీలాపురానికి పక్షుల రాక ఇందులోకి వస్తాయి. మూడోవి ఎప్పటికప్పుడు మారుతూ ఉండేవి. పలాస జీడిపప్పు ధర, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైళ్ల వేళలు ఈ రకం.

ఈ మూడింట్లో దేనికీ చెందనివి బోలెడన్ని ఉన్నాయి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. దాని గురించి రాసిన పేజీకి ఈ ఏడాది తేదీ వేసినా యుద్ధం తేదీ మారదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళం పట్టణంలో కాక ఆమదాలవలసలో ఉందన్న సంగతి పాతబడదు. అలాంటి పేజీలు వెనకబడ్డాయంటే కారణం పాతదనం అయ్యుండదు. మరొకరు అదే విషయాన్ని ఇంకాస్త వివరంగా, చదవడానికి వీలుగా రాసి ఉంటారు. అక్కడ మరమ్మతు అంటే వివరం పెంచడం.

తేదీ విషయానికొస్తే, పేజీ మీద కనిపించే ఒక్క తేదీని పట్టుకుని గూగుల్ నిర్ణయానికి రాదు. పేజీలో కనిపించేది, కోడ్‌లో రాసిన ప్రచురణ తేదీ, సవరణ తేదీ, ఇంకా కొన్ని గుర్తులు కలిపి అంచనా వేసుకుంటుంది. సైట్‌మ్యాప్‌లో (సైటులోని పేజీల జాబితా ఉండే ఫైలులో) రాసే ‘చివరి సవరణ’ తేదీని కూడా అది నిజమేనని నిలకడగా రుజువవుతుంటేనే లెక్కలోకి తీసుకుంటామని చెబుతోంది. రోజూ అన్ని పేజీలకూ ఆ రోజు తేదీయే చూపించే సైటుకు ఈ సౌకర్యం పోతుంది. నిజంగా మార్చిన రోజున కూడా గూగుల్ దాన్ని నమ్మదు.

సైట్ల యజమానుల కోసం గూగుల్ ప్రచురించిన స్వీయ పరిశీలన ప్రశ్నల్లో ఇది సూటిగానే ఉంది: లోపల పెద్దగా ఏమీ మార్చకుండా, తాజాగా కనిపించాలని తేదీలు మారుస్తున్నారా? సైటు తాజాగా కనబడితే ర్యాంకు పెరుగుతుందన్న ఆలోచనతో కొత్తవి గుప్పించడమో పాతవి తీసేయడమో చేసినా ఉపయోగం ఉండదని అక్కడే చెప్పింది. పాఠకుడికి నిజంగా ఉపయోగపడే రాతలకు ప్రాధాన్యమిస్తూ 2022 ఆగస్టులో మొదలైన ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ మార్పు ఇదే దారిలో వచ్చింది. 2024 మార్చిలో దాన్ని ప్రధాన ర్యాంకింగ్ పద్ధతిలోనే కలిపేశారు.

ఒక పేజీని దగ్గరగా చూస్తే

సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న వచ్చింది. విజయనగరంలో దీని గురించి రాసే సైట్లలో ఎక్కువగా కనిపించే అలవాటు ఏటా కొత్త పేజీ తెరవడం. 2021కి ఒకటి, 2022కి ఒకటి, అలా ఐదారు పేజీలు తయారవుతాయి. ప్రతిదాంట్లోనూ పైడితల్లమ్మ చరిత్ర అవే మాటల్లో ఉంటుంది, చివర తేదీ ఒక్కటే వేరు. ఈ పేజీలన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒక ఏడాది సంపాదించిన లింకులు మరుసటి ఏడాది పేజీకి ఉపయోగపడవు. గూగుల్ ఒక్కోసారి మూడేళ్ల కిందటి పేజీనే పైన చూపిస్తుంది, జనం తప్పు తేదీ చూసుకుని వెళ్లిపోతారు.

దీనికంటే మేలైన పద్ధతి, వెబ్ చిరునామాలో (యూఆర్‌ఎల్‌లో) సంవత్సరం లేని ఒకే పేజీ. అందులో మారనివి, మారేవి వేరుచేసి పెట్టాలి. ముందురోజు సోమవారం జరిగే తొలేళ్లు, పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చోవడం, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగడం, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరగడం ఇవన్నీ మారనివి. వీటిని ఒకసారి బాగా రాస్తే చాలు, ఆ తర్వాత వీలున్నప్పుడల్లా లోతు పెంచుకుంటూ పోవచ్చు. ఆ ఏడాది తేదీ, ట్రాఫిక్ మళ్లింపులు, పార్కింగ్ స్థలాలు, ప్రత్యేక బస్సులు మారేవి. ఇవి పేజీ పైభాగంలో చిన్న పెట్టెలో ఉండి, దసరాకు ముందే ఏటా మారాలి. పండుగ అయిపోయాక ఆ పెట్టెలో వచ్చే ఏడాది తేదీ వేయొచ్చు. విజయదశమి ఎప్పుడో పంచాంగం చూస్తే తెలుస్తుంది కాబట్టి ఆ తర్వాతి మంగళవారం లెక్కకట్టడం కష్టం కాదు.

ఇప్పటికే ఐదారు పేజీలుంటే వాటిలో ఎక్కువమంది చూసేదాన్ని ఉంచి, మిగతావాటిలో పనికొచ్చే ఫొటోలు, వివరాలు అందులోకి తెచ్చి, పాత చిరునామాలన్నీ దీనికే మళ్లేలా శాశ్వత రీడైరెక్ట్ పెట్టాలి. పాతవాటిని ఊరికే తీసేస్తే, ఎప్పుడో ఎవరో పంచుకున్న లింకు నొక్కినవాళ్లకు ‘పేజీ లేదు’ అని వస్తుంది.

ఏ పేజీతో మొదలుపెట్టాలో మన సైటు సెర్చ్ లెక్కలు చూపించే, గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ చెబుతుంది. అందులో 16 నెలల లెక్కలు నిలవ ఉంటాయి. ఈ 16 నెలలు అన్నది పండుగ పేజీలకు బాగా కలిసొస్తుంది. ఈ దసరా నెలను కిందటి దసరా నెలతో పోల్చాలి. సెప్టెంబరుతో అక్టోబరును పోలిస్తే పండుగ వల్ల పెరిగిందో, మరమ్మతు వల్ల పెరిగిందో తేలదు. సెర్చ్‌లో చాలాసార్లు కనిపించినా కొద్దిమందే నొక్కిన పేజీలు, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీలు ముందు తీయాలి. వాటికి అసలు జనం ఏ మాటలతో వస్తున్నారో కూడా అక్కడే కనిపిస్తుంది. అమ్మవారి చరిత్ర పేజీకి ‘ఈ ఏడాది సిరిమాను ఎప్పుడు’ అన్న ప్రశ్నతో జనం వస్తున్నారని తెలిస్తే, ఆ జవాబు పేజీ అడుగున కాక మొదట్లోనే ఉండాలి.

తెలుగు పేజీలకే ఉన్న చిక్కులు

ఇంగ్లిష్ సలహాల్లో కనిపించని సమస్యలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. మొదటిది చిరునామా. గూగుల్ వారి బ్లాగు వేదిక బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే అది చిరునామాలోకి రాదు. ‘బ్లాగ్-పోస్ట్’ అని, దాని పక్కన ఏదో అంకె అని వస్తుంది. పాత తెలుగు బ్లాగుల్లో వందల పేజీల చిరునామాలు ఇలాగే ఉంటాయి, లింకు చూసి అది శ్రీకూర్మం గురించో పోందూరు గురించో చెప్పలేరు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక చిరునామాలోకి వస్తుంది గానీ మరోలా ఇబ్బంది పెడుతుంది. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో దాచే ఉమ్మడి పద్ధతి యూనికోడ్‌లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు మూడు గుర్తులు, అంటే ఒక్క గుర్తుకు తొమ్మిది. వర్డ్‌ప్రెస్ చిరునామా ముక్కకు ఇచ్చే చోటు 200 గుర్తులే. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి 22 గుర్తులు దాటగానే శీర్షిక తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అర్థం కాని అంకెలు, పర్సెంటు గుర్తుల గొలుసు కనిపిస్తుంది, అది చూసి నొక్కడానికి జంకేవాళ్లుంటారు. ఇకమీదట రాసేవాటికి చిన్న ఇంగ్లిష్ చిరునామా పెట్టుకోవడం మేలు. పాతవాటికి ఇప్పటికే పాఠకులుంటే, రీడైరెక్ట్ పెట్టకుండా చిరునామా మార్చకూడదు.

రెండోది అక్షరాలు. యూనికోడ్ వాడకం స్థిరపడకముందు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన వ్యాసాలు, స్థానిక పత్రికల పుటల స్కానింగ్‌లు చాలా సైట్లలో బొమ్మలుగానో పీడీఎఫ్‌లుగానో ఉన్నాయి. పాత ఫాంట్లలో కంటికి తెలుగు కనిపించినా, అడుగున ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం. సెర్చ్‌కు అందులో ఏమీ దొరకదు. శాలిహుండం తవ్వకాల మీద ఏ లెక్చరరో ఇరవయ్యేళ్ల కిందట రాసిన మంచి వ్యాసం ఇలా బందీ అయి ఉంటే, దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం కంటే మంచి మరమ్మతు మరొకటి ఉండదు. కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, సున్నాలు చెదురుతాయి కాబట్టి మనిషి కూర్చుని సరిచూడాలి.

మూడోది పేర్లు. శ్రీకాకుళం అని రాసేవాళ్లున్నారు, సిక్కోలు అనేవాళ్లున్నారు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు వాడనివాళ్లు అవే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. గూగుల్ వీటిని కొంతవరకు కలిపే చూస్తుంది, అయినా పేజీలో రెండు పేర్లూ సహజంగా వచ్చేలా రాయడం మంచిది. అవే పదాలు పేరా పేరాకూ దూర్చితే చదివేవాళ్లకు విసుగొస్తుంది, దానివల్ల ర్యాంకు కూడా రాదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక తెలుగు పాఠకుల్లో చాలామంది ఫోన్ మీదికి మళ్లారు. అంతకుముందు కంప్యూటర్ తెర చూసి తయారుచేసిన పేజీల్లో పక్క పట్టీలు, కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన నాలుగైదు ఎంబీల ఫొటోలు ఇంకా ఉన్నాయి. పేజీలో ప్రధానమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలమానం. సీతంపేట ఏజెన్సీలో బలహీనమైన సిగ్నల్‌తో తెరిచేవాళ్లకు ఆ ఫొటోలు కుదించడమే పెద్ద ఉపకారం.

ముట్టుకోకూడనివి

పాతవన్నీ దిద్దాల్సినవి కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ వారంలో రాసిన పోస్టులు ఆ వారానివే. వాటిలో ‘కరెంటు ఇంకా రాలేదు’ అన్న వాక్యం తప్పు కాదు, ఆనాటి సాక్ష్యం. దానికి కొత్త తేదీ వేస్తే వార్త అబద్ధమవుతుంది. తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే విడిగా రాసి, పాతదాని పైన ఒక వరుసలో లింకు ఇవ్వాలి. అభిప్రాయ వ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది. 2014లో రాసిన అభిప్రాయాన్ని ఇప్పటి పరిస్థితికి తగ్గట్టు గుట్టుగా దిద్దితే రాసినవాళ్ల మాటకు విలువ పోతుంది.

దిద్దినచోట దిద్దినట్టు చెప్పడం కూడా మరమ్మతులో భాగమే. మొదట ఎప్పుడు రాశారు, ఎప్పుడు సవరించారు, ఏం మారింది అన్నది పైన రెండు వరుసల్లో ఉంటే చాలు. ‘2022 జిల్లాల పునర్విభజన తర్వాత మండలాల వివరాలు సవరించాం’ అన్న వాక్యం పాఠకుడికి ఉత్త తేదీ కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

విజయనగరంలోనే దీనికి సరిపోయే పోలిక ఉంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. ఆయన దాన్ని బాగా పెంచి, మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇవాళ జనం చదివేది, రంగస్థలం మీద చూసేది ఆ రెండోదే. మొదటి కూర్పు కూడా అచ్చులో ఉంది కాబట్టే ఆయన ఏం మార్చారో పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నారు. వెబ్ పేజీకి ఆ రక్షణ లేదు, పైన రాసేస్తే కిందిది మాయమవుతుంది. అందుకే పెద్ద మార్పు చేసేముందు పాత రూపాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచడం, సొంతంగా ఒక నకలు దాచుకోవడం అవసరం. జిల్లాలు మారకముందు పరిస్థితి ఏమిటన్నది కూడా ఒకనాటికి చరిత్ర అవుతుంది.

ముందు ఏం జరగొచ్చు

2024 ఆగస్టులో గూగుల్ మన దేశంలో సెర్చ్ ఫలితాల పైనే ఏఐ సారాంశాలు చూపించడం మొదలుపెట్టింది. ఎన్ని మండలాలు, ఏ తేదీ, ఎంత దూరం లాంటి ఒక్క ముక్క ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికితే పాఠకుడు పేజీలోకి వచ్చే అవసరం తగ్గుతుంది. అలాంటి ముక్కల మీదే బతికే పేజీలను ఎంత దిద్దినా పాత స్థాయిలో ట్రాఫిక్ రాకపోవచ్చు. పైగా ఆ సారాంశాలు వెబ్‌లో ఉన్న పేజీల నుంచే తయారవుతాయి. ఉత్తరాంధ్ర గురించి వెబ్‌లో ఎక్కువ పేజీలు 2022కు ముందువే అయితే ఆ తప్పులే సారాంశంలోకీ ఎక్కే ప్రమాదం ఉంది.

నిలిచేవి దగ్గర నుంచి చూసి రాసినవి. పోందూరు ఖద్దరు గురించి ఎన్ని పేజీలున్నా చాలావాటిలో ‘సన్నని నూలు, గాంధీజీ మెచ్చారు’ అన్న పాత చింతకాయ పచ్చడే ఉంటుంది. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి చెత్తను తీసేసి పోగుల్ని వరసలో పెడతాయి. ఆ శుభ్రత వల్లే 100 కౌంటు (నూలు సన్నదనానికి కొలత) వరకు సన్నని నూలు వడకడం వీలవుతుంది. ఒక దవడ ఎంతకాలం వస్తుంది, ఈ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, రోజుకు ఎంత కూలి గిడుతుంది అన్నవి అక్కడికి వెళ్లి అడిగి తెలుసుకున్నవాళ్లే రాయగలరు. పాత పేజీలో ఇలాంటి మూడు పేరాలు చేరితే దానికి కొత్త తేదీ వేయడానికి తగిన కారణం ఉన్నట్టు. ఈ విషయంలో హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి నడిచే పెద్ద సైట్ల కంటే ఊళ్లో ఉన్నవాళ్లకే అవకాశం ఎక్కువ.

ఒక్కరే నడిపే సైటుకు ఉన్న సమయం తక్కువ కాబట్టి వరస ముఖ్యం. ఆరోగ్యం, చదువు, ప్రయాణాలకు సంబంధించి తప్పుదారి పట్టించే పేజీలు మొదట. ఆ తర్వాత పండుగలు, రుతువుల పేజీలు. సవరణను గూగుల్ మళ్లీ వచ్చి చూసుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి వీటిని ముందుగానే దిద్దుకోవాలి. రథసప్తమి 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది. అరసవల్లి రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగగా ప్రకటించాక ఆ ఏడాది కార్యక్రమాలు మూడు రోజులకు పెరిగాయి కాబట్టి, ఒక్క రోజు వివరాలతో ఉన్న పాత పేజీలు సంక్రాంతి సెలవులకు ముందే మారాలి. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ అక్కడి మూలవిరాట్టును తాకే సూర్యకిరణాల గురించి వెతికేవాళ్ల కోసం ఫిబ్రవరి చివర్లో ఒకసారి, సెప్టెంబరు మధ్యలో ఒకసారి చూసుకోవాలి. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వచ్చే జూన్‌కు ముందు ఒక పేజీ, తేలినీలాపురానికి గూడబాతులు వచ్చే సెప్టెంబరుకు ముందు ఇంకో పేజీ. బొబ్బిలి యుద్ధం పేజీని చివర్లో తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు.